అంతా పళ్లెంలోనే ఉంది

ఆర్హుస్ అనే చలిదేశపు ఊళ్లో, రేవు పక్కన పార్కులూ శ్మశానాలూ నడకబాటలూ గీసిచ్చే స్కౌకేర్ కచేరీలో ఇకమీదట ఏ వస్తువూ పోదని యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ తీర్మానం పదకొండు సమావేశాల అనంతరం, దాల్చినచెక్క రొట్టెల సాక్షిగా ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అంతకుముందు వస్తువులు పోతుండేవా అని మీరు అడగొచ్చు. పోయేవి కావు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఎందుకు పోయేవి కావంటే కొట్టుగదిలో అస్టా ఉండేది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అందులో ఇరవై ఏడేళ్లు ఆ గదిలోనే. చుట్టిన పటాలు, అట్టతో చేసిన నమూనాలు, రాళ్ల ముక్కలు, ఎండుటాకుల డబ్బాలు, అన్నీ కలిపి నాలుగువేల పైచిలుకు. ఎవరైనా గుమ్మంలో నిలబడి "అస్టా, ఆ తొంభై మూడు నాటి చెరువుగట్టు..." అని నసిగితే చాలు, ఆమె తల కూడా తిప్పకుండా చెప్పేది. "ఎడమ బీరువా, మూడో అర, బూడిదరంగు డబ్బా వెనకాల. దుమ్ము బయటికెళ్లి దులుపుకో."

ఇది ఎంత ప్రమాదకరమైన పరిస్థితో యజమాని ఫ్లెమింగ్‌కి ఒకరోజు హఠాత్తుగా తట్టింది.

"అస్టా, నీకేమైనా అయితే మా గతేంటి? ఏ బస్సు కిందైనా పడితే?"

"ఇప్పట్లో బస్సు కింద పడే ఆలోచన లేదు ఫ్లెమింగ్. నీకేమైనా తొందరగా ఉందా?"

అక్కడ యజమానినైనా పేరు పెట్టి నువ్వనే అంటారు. పెద్దా చిన్నా తేడా లేదు, అందరూ సమానులే. ఎవరిని ఇంటికి పంపాలో మాత్రం ఒకరే తేలుస్తారు, అదీ అందరి తరఫునా.

"నాకు గుర్తుంది, చాలదా?" అంది అస్టా.

"గుర్తుండటం నీ ఒక్కదానికే పరిమితమైపోయింది. అది ప్రజాస్వామ్యం కాదు," అన్నాడు ఫ్లెమింగ్, నొచ్చుకుంటూ.

ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికి విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ట్రోల్స్ వచ్చాడు. చాలా మంచివాడు, ఊలు మేజోళ్లతో నేలమీద కూర్చునేవాడు. పనివాళ్ల మీద ఏదీ రుద్దకూడదనీ, పనివాళ్లే తమ పనిముట్టు తయారు చేసుకోవాలనీ ఆయన నమ్మకం. కాబట్టి ఏ వస్తువు ఎక్కడుందో అస్టానే అడిగి, ఏడాదిన్నరపాటు పద్నాలుగు పుస్తకాల్లో రాసుకున్నాడు. తన గొయ్యి తానే తవ్వుకునే హక్కు ఆ కచేరీలో ప్రతి ఉద్యోగికీ ఉంది, పార యాజమాన్యమే ఇస్తుంది.

అలా పుట్టిన ఏర్పాటు పేరు అల్లిక. వర్ణించి చెబితే ముచ్చటేస్తుంది. ప్రతి వస్తువుకీ దాని పేరున్న నాణెమంత బిళ్ల అంటిస్తారు. బల్లలూ అరలూ ఆ బిళ్లను తమంతట తామే పసిగట్టి, గోడంత తెరమీద ఏది ఎక్కడుందో చూపిస్తాయి. పైగా ఏ వస్తువునైనా ఏ ఉత్తరానికైనా, ఫొటోకైనా, మరో వస్తువుకైనా ముడివేయొచ్చు. నమూనాని బల్లమీద పెడితే చాలు, దాని తాలూకు కాగితాలన్నీ గోడమీద విచ్చుకుంటాయి.

ముడులు వేసే హక్కు అందరికీ సమానంగా ఇచ్చారు. ఒకరు వేసిన ముడిని మరొకరు విప్పడం వాళ్ల భావాలను గాయపరచడమే గనక, విప్పే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. మూడు నెలల్లో కాఫీ కూజాకి రేవు పటం ముడిపడింది, కాఫీ తాగుతుండగా ఎవరికో రేవు గుర్తొచ్చిందట. ఒక పాత బెంచీ నమూనాని బల్లమీద పెడితే రెండువందల పన్నెండు కాగితాలు తెరుచుకునేవి, వాటిలో ఏడు ఒకే హెర్రింగ్ చేప వంటకం. ఇది మేధస్సుల సంగమమని ట్రోల్స్ పత్రికల్లో వ్యాసం రాశాడు.

ఇంతలో పటాలు గీసే మార్గిట్ ఒక మౌలికమైన ప్రశ్న లేవదీసింది.

"అంతా బాగానే ఉంది గానీ, ఈ బిళ్లలు చూడ్డానికి అసహ్యంగా లేవూ?"

లేవని ఎవరనగలరు? ఆ కచేరీలో ముక్కాలిపీట వంకర కూడా మూడునెలలు చర్చిస్తేగానీ తేలదు. తెల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఓక్ చెక్క మీద పుండులా ఉందని అందరికీ ఒక్కసారిగా కనబడింది. సమావేశం పెట్టారు, కొవ్వొత్తులు వెలిగించారు. నాలుగో సమావేశంలో పరిష్కారం దొరికింది. బిళ్లలన్నీ వస్తువుల మీంచి ఊడదీసి, ఒక అందమైన బిర్చి చెక్క పళ్లెంలో పోసి, నడిమి బల్లమీద పెట్టాలి. పళ్లేనికి వడ్రంగి ఐదు నెలలు తీసుకున్నాడు. చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు.

"సూత్రప్రాయంగా చూస్తే," అని ట్రోల్స్ గొంతు సవరించుకున్నాడు, "బిళ్ల వస్తువు మీదే ఉంటే..."

"అంటే వాడుకునేవాళ్ల అభిప్రాయానికి విలువలేదా?" అంది మార్గిట్.

ఆ మాట తర్వాత అక్కడ నోరెత్తే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఉద్యోగులు తగిలించుకునే బిళ్లలు కూడా, స్వెట్టర్లు పాడవుతున్నాయని, పళ్లెంలోకే చేరాయి. ఆనాటి నుంచి తెర ఉన్న ఆ గోడ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నాలుగువేల వస్తువులూ, ఇరవై ఇద్దరు మనుషులూ ఎక్కడున్నారని అడిగినా టక్కున చెప్పేది, పళ్లెంలో ఉన్నారని. పళ్లెంలోకి చూస్తే నిజంగానే ఉండేవారు. నూటికి నూరుపాళ్లు కచ్చితత్వమని ట్రోల్స్ నివేదిక రాశాడు, రాస్తూ కొంచెం చెమట పట్టినా.

పని ఎలా జరిగేదంటారా? గోడ చూపించిన బిళ్లను పళ్లెంలోంచి తీసుకుని కొట్టుగదికి వెళ్లేవారు. దాన్ని చూసి అస్టా వస్తువు ఎక్కడుందో చెప్పేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఇక పరీక్షరోజు వచ్చింది. అల్లికకి నిధులిచ్చిన సంస్థ నుంచి బియెర్టె అనే పెద్దావిడ వచ్చి ఏదో ఒక వస్తువు అడుగుతుంది. ఐదు నిమిషాల్లో దొరికితే ఏర్పాటు నెగ్గినట్టు, కొట్టుగది ఉద్యోగం రద్దయినట్టు. దొరక్కపోతే అస్టా ఉంటుంది, అల్లిక పోతుంది. ముందురోజే ఫ్లెమింగ్ అస్టాని కూర్చోబెట్టి ఉపన్యసించాడు.

"మేం నిన్ను తీసేయడం లేదు అస్టా. నీ జ్ఞాపకశక్తి బరువు నుంచి నిన్ను విడుదల చేస్తున్నాం. ఇది మనందరి విజయం. అందులో నీ వాటా మరీ పెద్దది."

"వాటా నాకొద్దు, గది ఉంచు చాలు," అంది అస్టా. ఆ సాయంత్రం ఎదురుగాలిలో సైకిల్ తొక్కుతూ ఆమె ఏడ్చింది. అరవై దగ్గరపడుతున్న మనిషిని, ఆ కచేరీ వస్తువులు ఎక్కడున్నాయో తప్ప ఇంకేమీ తెలియనిదాన్ని, ఎవరు పిలిచి పని ఇస్తారు? మొగుడు పోయాక ఆమెకి పొద్దున్నే లేవడానికి ఆ గదొక్కటే కారణం.

బియెర్టె గురువారం పొద్దున పదింటికి వచ్చింది. కాఫీ తాగి, గోడని మెచ్చుకుని, మెల్లగా అడిగింది. "ఎనభై ఎనిమిదిలో మీరు చేసిన కొండవాలు శ్మశానం నమూనా ఉందా?"

ఫ్లెమింగ్ గోడని అడిగాడు. పళ్లెంలో ఉందంది గోడ. ఫ్లెమింగ్ బిళ్ల తీసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చక్కగా ఉంది. కానీ నేను కంచె మొక్కలు చూద్దామనుకున్నాను. మా ఆయన అక్కడే ఉన్నాడు, మూడో వరసలో. ఆ వరస ఒక్కటీ వంకర తిరిగి ఉంటుంది. ఎందుకో ఆయన్నడిగితే చెప్పడు కదా."

గడియారంలో రెండో నిమిషం నడుస్తోంది. గుమ్మంలో నిలబడ్డ అస్టాకి నమూనా ఎక్కడుందో తెలుసు. కాఫీ యంత్రం ఎత్తు చాలలేదని ఏడేళ్ల కిందట మార్గిట్ ఆ నమూనానే దాని కింద పెట్టింది. అస్టా చేయాల్సిందల్లా నోరు మూసుకుని మూడు నిమిషాలు నిలబడటం. గది దక్కుతుంది, తనూ దక్కుతుంది.

నిలబడలేకపోయింది. కాఫీ యంత్రాన్ని పక్కకి జరిపి, నమూనా తీసి, కొంగు లేని దేశం గనక స్వెట్టర్ చేతితోనే దుమ్ము తుడిచి ఆవిడ ముందు పెట్టింది.

"ఇదిగో మూడో వరస. అక్కడో ముసలి చెట్టు ఉండేది. దాని వేళ్లు తెగకూడదని కంచెనే వంచారు."

బియెర్టె ఆ వంపు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అచ్చువేసిన పత్రం తీసి గళ్లు నింపింది. దొరికినదా: అవును. పట్టిన సమయం: నాలుగు నిమిషాలు. ఎవరు తెచ్చారన్న గడి ఆ పత్రంలో లేదు. లేని గడిలో రాయడం నిబంధనలకు విరుద్ధం.

అస్టా వీడ్కోలు ఘనంగా జరిగింది. బల్లమీద చిన్న చిన్న జెండాలు నిలబెట్టారు, పాట పాడారు, మూడంతస్తుల కేకు కోశారు. జ్ఞాపికగా ఒక బుల్లి బిర్చి పళ్లెం ఇచ్చారు. ఆమె దాన్లో ఉల్లిపాయలు పోసుకుంది.

ఆ తర్వాత నెలకి పదకొండుసార్లు ఫోన్ మోగేది. "అస్టా, ఒక్క చిన్న ప్రశ్న..." అలవాటైన నోరు, చెప్పేసేది. అవన్నీ గోడ లెక్కలో దొరికినవిగా నమోదయ్యేవి. ఏడాది గడిచింది. ఒక పొద్దున ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తుంటే మళ్లీ ఫ్లెమింగ్ ఫోను. రేవు ఒడ్డున కట్టబోయే పార్కు పోటీకి పంపాల్సిన నమూనా కనపడటంలేదట, మధ్యాహ్నంలోగా నగరసభకి చేరాలట. అస్టాకి ఎందుకో ఆ రోజు కడుపు మండింది.

"పళ్లెంలో చూశావా?"

అటువైపు అడుగుల చప్పుడు, గలగలమని బిళ్లలు కలియబెట్టిన చప్పుడు. "దొరికింది! ఇక్కడే ఉంది! నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లం అస్టా!"

బిళ్లను దూదిలో చుట్టి, పెద్ద పెట్టెలో పెట్టి, గడువుకి గంట ముందే పంపించారు. పోటీ పోయింది.

విచారణకి తొమ్మిది సమావేశాలు పట్టాయి. గోడ నిర్దోషి అని తేలింది, బిళ్ల చేరవలసిన చోటికి సమయానికే చేరింది కదా. మరి ఎవరిది తప్పు? ఆ రోజు కొట్టుగది బాధ్యత ఎవరిదని గోడనే అడిగారు. అస్టాది అంది గోడ. ఆమె బిళ్ల పళ్లెంలోంచి తీయడం ఎవరికీ తట్టలేదు. ఆమె ఏడాదిగా ఒక్క సెలవైనా పెట్టకుండా, రేయింబవళ్లు కచేరీలోనే ఉన్నట్టు రికార్డుంది. వారం తిరక్కుండా అస్టాకి మర్యాదైన ఉత్తరం వచ్చింది: ఇలాంటి అలక్ష్యం మరోసారి జరిగితే ఉద్యోగం నుంచి తొలగించవలసి వస్తుందని.

అస్టా ఫోన్ చేసింది. "ఒరే ఫ్లెమింగ్, నన్ను తీసేసి ఏడాదైంది కదరా!"

"తీసేశాం, నిజమే. కానీ ఆ సంగతి గోడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే అందరం కలిసి నిర్ణయించుకోవాలి."

"ఇంతకీ నేను ఉన్నట్టా, లేనట్టా?"

"అదే చర్చించడానికి శుక్రవారం సమావేశం పెట్టాం. తప్పకుండా రా," అని, ఏదో తిరగేసిన చప్పుడయ్యాక, "అన్నట్టు, గోడ ప్రకారం ఈ వారం రొట్టెల వంతు నీదే," అన్నాడు.

అస్టా ఫోన్ పెట్టేసి పిండి కలిపింది. తిట్టుకుంటూనే కలిపింది. శుక్రవారం పొద్దున ఇరవై ఇద్దరికి లెక్కపెట్టి పట్టుకెళ్లింది. రొట్టెలు బ్రహ్మాండంగా ఉన్నాయని అందరూ అన్నారు. ఆమె విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

నవ్వుతున్నారా? నవ్వండి, పోయేదేముంది. మీ కచేరీలోనూ ఒక గోడ ఉంది, దానిమీద అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. అవలా వెలగడానికి ఎక్కడో ఒక మనిషి తిట్టుకుంటూ ఫోన్ ఎత్తుతూనే ఉంటుంది. ఆవిడ పేరేమిటో మీకెవరికైనా గుర్తుందా? లేకపోతే కంగారు పడకండి, పళ్లెంలో చూసుకోండి.