ఆరో మెట్టు మీద మాస్టారు

వచ్చే ఆదివారం ఇంటి బయటి గోడకు తనే రంగు వేస్తానని లెక్కల మాస్టారు పొద్దున్నే కాఫీ తాగుతూ ప్రకటించేశారు. పక్కింటాయన తన గోడకు తనే వేసుకున్నాడని భార్య మెచ్చుకునేసరికి పౌరుషం పొడుచుకొచ్చి, నోరు జారారు. అసలు సంగతేమిటంటే, మాస్టారికి ఎత్తంటే చచ్చేంత భయం. స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో బల్బు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆయన నడుం పట్టేసింది. ఈ రహస్యం బయటపడితే భార్య ముందు తలెత్తుకోలేనని ఆయన బెంగ.

"అయితే పదండి, నిచ్చెన కొనుక్కొద్దాం," అంది భార్య.

మాస్టారు దారిలోనే ఉపాయం ఆలోచించుకున్నారు. కొట్లో ప్రతి నిచ్చెనకూ ఏదో ఒక వంక పెట్టి, ఏదీ పనికిరాదని తేల్చేస్తే సరి. పెయింటరును పిలవక తప్పదు.

కొట్లోకి వెళ్ళగానే భార్య రంగుల డబ్బాల వైపు నడిచింది. మాస్టారు మొదలుపెట్టారు.

"దీనికి కాళ్ళకి రబ్బరు తొడుగుల్లేవు, జారుతుంది. ఇది మరీ సన్నం, నా బరువు ఆగదు. ఇదిగో, దీనికి లాకే పడటం లేదు."

కొట్టాయన నొచ్చుకోలేదు సరికదా, ఇంత తెలిసిన మనిషి దొరికాడని మురిసిపోయాడు. లోపల్నుంచి ఇంకోటి మోసుకొచ్చి తెరిచి నిలబెట్టాడు. రబ్బరుంది, లాకుంది, మెట్లు వెడల్పుగా ఉన్నాయి. మాస్టారు రెండుసార్లు చుట్టూ తిరిగినా వంక దొరకలేదు.

"ఎక్కి చూడండి మాస్టారూ!"

అవతల నుంచి భార్య చూస్తోంది. మాస్టారు గుండె చిక్కబట్టుకుని ఆరో మెట్టు దాకా ఎక్కి, పొరపాటున కిందికి చూశారు. అంతే, కాళ్ళు బిగుసుకుపోయాయి.

"ఎలా ఉందండీ?" అన్నాడు కొట్టాయన.

దిగలేనని చెప్పుకోలేక మాస్టారు పాఠం అందుకున్నారు. "అందరూ వినండి! పై రెండు మెట్ల మీద ఎప్పుడూ నిలబడకూడదు. గోడకి ఆనించే నిచ్చెనైతే, నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున కాళ్ళు దూరం జరపాలి. చెయ్యి అందకపోతే పక్కకి ఒంగొద్దు. దిగి, నిచ్చెన జరుపుకోండి!"

జనం మూగారు. కంపెనీ పంపిన మనిషట అని ఎవరో అన్నారు. అరగంటలో రబ్బరున్నవీ, లాకున్నవీ ఏరుకుని మరీ పట్టుకుపోయారు. మంచివాటిలో ఇక మిగిలింది మాస్టారి కింద ఉన్నదే. దాని కోసం ఒక పెయింటరు కాచుకుని నిలబడ్డాడు.

"మీరు దిగితే ఇది నేను తీసుకెళ్తాను సార్."

"ఉండవయ్యా, పరీక్ష పూర్తి కాలేదు."

"ఇంకెంతసేపు?"

"చెప్పలేం."

పెయింటరు విసుగొచ్చి నిచ్చెన మీద చెయ్యేశాడు. "కదపకురా బాబూ, పడిపోతాను!" అని మాస్టారు పెట్టిన కేక రంగుల డబ్బాల దాకా వినబడింది.

భార్య డబ్బా కింద పెట్టి వచ్చింది. కింద నిలబడి ఆయన మడమ పట్టుకుంది. "కళ్ళు మూసుకోండి. కుడికాలు దించండి. ఆఁ, ఇప్పుడు ఎడమది."

నేల తగిలాక మాస్టారు తలొంచుకుని, "నాకు ఎత్తంటే భయమే," అన్నారు.

"తెలుసు. మొదటిసారి నడుం పట్టేసినప్పుడే తెలుసు."

"మరి ఈ నిచ్చెనెందుకు?"

"నాకు. రంగు నేనే వేద్దామనుకున్నాను. మీరు పౌరుషానికి పోయి ముందే అనేశారు."

మాస్టారికి సిగ్గేసింది, అంతకు పదింతలు ప్రాణం తేలికపడింది. పెయింటరు మళ్ళీ నిచ్చెన వైపు రాబోతే భార్య అడ్డం నిలబడింది. "ఇది మాది బాబూ. మా ఆయన ఇంతసేపు ఊరికే నిలబడ్డారా?"

ఆదివారం ఆవిడ పైన రంగు వేస్తుంటే మాస్టారు కింద రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. పైకి చూసినా తనకు కళ్ళు తిరుగుతాయని ఆయనకు ఆ రోజే తెలిసింది.