రెండు సముద్రాలు, ఒక కూజా

ఆ పొద్దున ఆకాశం ఉడికిన చేప పొట్టలా తెల్లగా ఉంది. గాలి లేదు. మంత్రి వచ్చే రోజున మా గ్రోనెస్‌లో గాలి కూడా మర్యాద పాటించడం నేను చూడటం అదే మొదటిసారి.

'సముద్రాలను కలిపే మంత్రి నేడు మన ఊళ్ళో' అని పేపరు మొదటి పేజీలో వేసింది. మా కట్టకు అటొకటి ఇటొకటిగా విడిపోయిన నీళ్ళను, పందొమ్మిదేళ్ళ తర్వాత, ఉత్తర జలాల మంత్రి హాకూన్ ట్వేట్ స్వయంగా తన చేతులతో కలుపుతాడట. 'చేతులతో' అన్న మాట దగ్గరే నాకు అనుమానం రావలసింది. రాలేదు. మంత్రుల మాటలను ఉన్నవున్నట్టుగా తీసుకునే అలవాటు మాకు లేదు.

కట్ట అంటే మా దీవికీ ఒడ్డుకీ మధ్య రోడ్డు కోసం సముద్రంలో పోసిన రాళ్ళ గుట్ట. రోడ్డు బాగుంది, కాదనను. కట్టకు లోపలి వైపు కొండ మీది మంచు కరిగి దిగుతుంది. ఆ నీళ్ళు పాలలా ఉంటాయి. ఉప్పు తక్కువ, సున్నం తక్కువ. బయటి వైపు పెద్ద సముద్రం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు రెండింటిలోనూ కరిగి నీళ్ళను పుల్లబరుస్తుంది. ఉప్పునీళ్ళు ఆ పులుపును తట్టుకుంటాయి, మంచునీళ్ళు తట్టుకోలేవు. పూర్వం పోటు వచ్చి పోయినప్పుడల్లా రెండింటినీ చిలికి వెళ్ళేది. ఇప్పుడు కట్ట దాకా వచ్చి వెనక్కి పోతోంది.

మా పిన్ని యోర్డిస్ లోపలి వైపు నీళ్ళలో తాళ్ళు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచుతుంది. ఆ పులుపుకు ఐదేళ్ళుగా ఆ చిప్పలు గుడ్డు పెంకులకన్నా పల్చన. తాడు మీంచి తీస్తుంటేనే చేతిలో నలిగిపోతాయి. కట్టకు పడవ పట్టేంత తూము పెట్టమని ఆవిడ పదకొండు ఉత్తరాలు రాసింది. ఈ ఏడు కూడా పెట్టకపోతే తాళ్ళు కోసేస్తానంది. కోసేస్తే మా ఊళ్ళో సముద్రాన్ని నమ్ముకున్న ఇళ్ళు రెండు మిగులుతాయి. అందులో ఒకటి నాది.

కట్ట మీద స్కూలు బ్యాండు బారులు తీరింది. మంత్రి కొత్త రబ్బరు బూట్లతో కారు దిగాడు. బూటుకు దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది. పని అయ్యాక తిరిగి ఇచ్చేద్దామని కాబోలు. ప్రజాధనం పట్ల ఆయన జాగ్రత్త అలాంటిది.

పిన్ని కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"తవ్వే యంత్రమేది బాబూ?"

"యంత్రం ఎందుకమ్మా? చేతులున్నాయిగా!" అన్నాడు మంత్రి, వాటిని చూపించి.

ఆయన వెంట వచ్చిన అధికారిణి బెంటె నీళ్ళ పులుపు రాసే ఫారం ఒకటి తీసింది.

"ఇందులో 'ఈ ప్రాంతపు నీళ్ళు' అని ఒకటే గడి ఉంది," అంది.

"నీళ్ళు రెండు రకాలు కదమ్మా," అన్నాను.

"గడి ఒకటే కదండీ."

"పక్కన ఇంకోటి గీస్తే పోయె."

బెంటె నన్ను జాలిగా చూసింది. "గడి గీయాలంటే ఫారం మార్చాలి. ఫారం మార్చాలంటే కమిటీ వేయాలి. అంతకన్నా సముద్రాలను కలపడమే తేలికని మంత్రిగారు తేల్చారు."

"ఏరా ట్రిగ్వే, విన్నావా?" అంది పిన్ని. "మన పదకొండు ఉత్తరాలూ చదివారురా వీళ్ళు."

నేను కట్టకు అటు ఒక బకెట్టు, ఇటు ఒక బకెట్టు ముంచి తెచ్చాను. మంత్రి ముందుగా గాజు కూజాలో సగం దాకా ఉప్పునీళ్ళు పోశాడు. తర్వాత మంచునీళ్ళను కూజా అంచుకు ఆనించి, ఫోటోలు తీసేవాళ్ళు చాలనేదాకా, దారమంత సన్నగా వంచాడు. అంత నిదానంగా నీళ్ళు పోసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఒక్క బుడగ లేవలేదు.

బెంటె కొలత పుల్లను కూజా అడుగు దాకా దించింది. అంకె చూసి ఆవిడ మొహం వెలిగింది.

"పులుపు లేదు! చిప్పలు గట్టిపడే నీళ్ళు!"

గడిలో అంకె వేసింది. బ్యాండు మోగింది.

"ఇక తూము దేనికమ్మా?" అన్నాడు మంత్రి. "నీళ్ళు కలిసిపోయాయిగా."

"కూజాలో కలిశాయి బాబూ."

"కూజా మాత్రం ఈ దేశంలోది కాదా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులు చల్లబడి ఉన్నాయి, పనికొచ్చింది.

కూజాను ఎవరూ కదపకూడదని, ఉన్నదున్నట్టు రాజధానికి తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెడతామని మంత్రి ప్రకటించాడు. బెంటె దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, చీమ నడక నడిచి, పిన్ని ఇంట్లో భోజనాల బల్ల మధ్యన కిటికీ ముందు పెట్టింది.

పిన్ని ఆల్చిప్పలు ఉడికించిన పెద్ద గిన్నె తెచ్చి దించింది. ఆవిరి ముఖాలకు కొట్టింది.

"ఆహా! ఇవి ఏ వైపువమ్మా?" అన్నాడు మంత్రి. "బయటి రాళ్ళ మీదివా, లోపలి తాళ్ళవా?"

"రెండూ కలిపేశాను బాబూ. నా దగ్గరా ఒకటే గిన్నె ఉంది. సగటున బాగానే ఉంటాయి, తిను."

మంత్రి నవ్వాడు. బెంటె ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. నలుగురం మొదలుపెట్టాం.

ముందు బెంటె పళ్ళ మధ్య కరకరమంది. తర్వాత నా పళ్ళ మధ్య. మంత్రి నమలడం ఆపి, నాలుక మీంచి సన్నటి పెంకు తీసి కంచం అంచున పెట్టాడు. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి.

అప్పుడే మబ్బు కాస్త విచ్చి, కిటికీలోంచి వెలుతురు కూజా మీద పడింది. పై సగం పాలలా ఉంది. కింది సగం అద్దంలా ఉంది. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత.

బెంటె చూసింది. మంత్రి చూశాడు. పిన్ని రొట్టె పళ్ళెం ఆయన వైపు జరిపింది. ఆయన ఒక ముక్క తీసుకున్నాడు.

కూజా పక్కనే ఒక పొడుగాటి చెంచా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం.