పన్నెండు మాటలు, అయిదు నిమిషాలు

"గడియారాల మేస్త్రికి ఒక్కసారి తిక్క రేగిందంటే మనందరి గతేం కాను?" అని టైలరమ్మ పొద్దున్నే కుట్టుమిషనుతో మొర పెట్టుకుంది. ఇంట్లో ఆమె మాట ఓపిగ్గా వినేది అదొక్కటే.

వీధిలోని యాభై మందీ కబుర్లాడుకునే సోషల్ నెట్‌వర్క్ మేస్త్రి దుకాణంలోని కంప్యూటర్లో నడుస్తుంది. ఆయనే అడ్మిన్. టైలరమ్మ కూతురు ఓడలో ఇంజను పని చేస్తుంది. వారానికొక్కరోజు, మూడు నుంచి నాలుగు దాకే ఆమెకు సిగ్నల్. ఓడవాళ్ళ సర్వర్ నుంచి కూతురు, ఇక్కడి నుంచి తల్లి పలకరించుకునేది అందులోనే. పోయిన వారం పిల్ల జ్వరమంది. ఇవాళ మళ్ళీ మాట్లాడే రోజు. నిన్న చూస్తే, "మేస్త్రిగారి గోడగడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తోంది" అని పక్కింటి నర్సు రాసినందుకు ఆయన ఆ మాట చెరిపేశాడు. ఇవాళ మాట చెరిపినవాడు రేపు మనిషిని చెరపడా?

కూతురు ఎప్పుడో చెప్పింది. "అక్కడ నీ పేరు మేస్త్రిది కాదమ్మా, నీది. ఈ పన్నెండు మాటలే దాని తాళం. ఇవి కొట్టి ఏ సర్వర్‌కైనా మారిపోవచ్చు. నీవాళ్ళంతా నీతోనే ఉంటారు." టైలరమ్మ వాటిని కొలతల పుస్తకంలో, ఎవరిదో నడుం కొలత కింద రాసిపెట్టుకుంది. ఎనిమిదింటికల్లా ఊరి లైబ్రరీవాళ్ళు నడిపే సర్వర్‌కి మారిపోయింది.

పాత పేజీలో "వీరు ఇల్లు మారారు" అని దానంతటదే పడింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏంటి పిన్నీ, మేస్త్రి మూసేస్తున్నాడా?"

"నాకేం తెలుసే తల్లీ! నా భయం నాది."

ఆ భయం వీధి మలుపు తిరిగేసరికి "మూసేస్తున్నాడట" అయింది. బస్టాపు చేరేసరికి "కంప్యూటర్ కాలిపోయిందట" అయింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా లైబ్రరీ సర్వర్లో దిగింది. ఒక్క పూటలో ఇంతమంది ఊడిపడేసరికి అక్కడి అడ్మిన్ ఇదేదో దొంగల ముఠా అనుకుని అందరినీ కట్టగట్టి ఆపేశాడు. మూడు నుంచీ టైలరమ్మ ఎంత రాసినా పోలేదు. నాలుగుకి పది నిమిషాలుండగా ఫోన్లో ఎర్రక్షరాలు: "మీ ఖాతా విచారణలో ఉంది."

"నా చేతులు పడిపోను!" అంటూ కొలతల పుస్తకం చంకన పెట్టుకుని దుకాణానికి పరుగుతీసింది.

మేస్త్రి తెర ముందు ఒంటరిగా కూర్చున్నాడు. తెర మీద "సభ్యులు: ఒకరు" అని ఉంది.

"తప్పు నాదే అన్నయ్యగారూ. మీరు గెంటేస్తారేమోనని నేనే ముందు పారిపోయా. మళ్ళీ రానిస్తారా? నాలుగు దాకే పిల్లకి..." అంటూ గోడ వైపు చూసి స్టూలు మీద కూలబడింది. నాలుగూ రెండు. "అయిపోయింది. ఇంక వారం దాకా దానికెలా ఉందో కూడా తెలీదు."

మేస్త్రి కంటికి భూతద్దం తగిలించుకున్నాడు, తీసేశాడు, మళ్ళీ తగిలించుకున్నాడు. గడియారాలన్నీ ఆయన బదులు టిక్కుటిక్కుమన్నాయి. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకా మూడు నిమిషాలుందమ్మా. అది అయిదు నిమిషాలు ముందుంది. నర్సు రాసింది నిజమే."

టైలరమ్మ కొలతల పుస్తకం తెరిచి పన్నెండు మాటలూ కొట్టింది. సభ్యులు ఇద్దరయ్యారు. "జ్వరం తగ్గిందా?" అని పంపి, ఫోను వైపే చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. ఇంకో నిమిషం.

"ఎప్పుడో తగ్గిందమ్మా. నువ్వు ఇంట్లోనే ఉండి పలకడానికి ఇంతసేపా?" అని కూతురి జవాబు పడింది.

సాయంత్రానికి అందరూ తిరిగొచ్చారు, చెరిపేసిన నర్సు మాట కూడా. గడియారం సరిచేద్దామని మేస్త్రి నిచ్చెన ఎక్కబోతే, వద్దని అడ్డుపడింది మాత్రం టైలరమ్మే.