సెలవు చీటీకి ఒకే రోగం

జలుబు చేసినప్పుడు దాంతోపాటు కడుపు కూడా చెడితే అంతకు మించిన అదృష్టం మనిషికి లేదు! నవ్వకండి. నాలుగు రోజులుగా ఈ విషయం మీద లోతుగా ఆలోచిస్తున్నాను. మా ఇంట్లో గడియ సరిగ్గా పడే గది ఒక్కటే ఉంది. అందులోనే కూర్చుని ఆలోచించాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. ఆఫీసులో నాది సెలవుల సీటు. ఇరవై రెండేళ్లుగా నాలుగొందల మంది రోగాలు నా బల్ల మీదుగానే వెళ్తున్నాయి. డాక్టరు మనిషిని చూసి రోగం ఉందంటాడు. నేను మనిషిని చూడకుండానే లేదంటాను!

ఇన్నేళ్లలో నేను కనిపెట్టిన సూత్రం ఒకటుంది. నిజమైన రోగి ఒక్క రోగమే రాస్తాడు. రెండు రాశాడంటే, మొదటిది ఎవరూ నమ్మరేమోనని రెండోది తగిలించాడన్నమాట. అంటే రెండూ అబద్ధాలే. 'జలుబు, దగ్గు' అయితే సరే, ఇరుగుపొరుగు రోగాలు. 'జలుబు, విరేచనాలు' అంటే ఎలా? ముక్కెక్కడ, కడుపెక్కడ? అలాంటి చీటీ మీద ఎర్ర పెన్నుతో "ఏదో ఒకటి రాయండి" అని రాసి వెనక్కి పంపేవాణ్ణి. మా టైపిస్టమ్మగారు ఒకసారి మూడు చీటీలు మార్చి మార్చి రాశారు. నాలుగోది రాసే ఓపిక లేక ఆఫీసుకే వచ్చేశారు. చూశారా, ఎర్ర పెన్నుతో ఎంత త్వరగా నయమవుతుందో!

ఇక అదృష్టం సంగతికి వద్దాం. వైరస్‌ని తిట్టిపోసేవాళ్లు దాని పనితనం గమనించరు. ముక్కు చూసుకుంది, గొంతు చూసుకుంది, ఛాతీ చూసుకుంది. నా డ్యూటీ అయిపోయిందని చేతులు కట్టుకుని కూర్చుందా? ఎవరూ చెప్పకుండానే కింది అంతస్తు పని కూడా నెత్తిన వేసుకుంది. మా ఆఫీసులో పై అంతస్తు కాగితం కింది అంతస్తుకు దిగడానికి రెండు వారాలు పడుతుంది. వైరస్‌కి ఒక్క రోజు చాలు!

పెద్దాసుపత్రిలో చూడండి. ముక్కు డాక్టరు మూడో అంతస్తులో ఉంటాడు, కడుపు డాక్టరు కింద ఉంటాడు. ముక్కాయన దగ్గర కడుపు మాట ఎత్తితే కిందికి వెళ్లమంటాడు. కడుపాయన ముందు తుమ్మితే పైకి వెళ్లమంటాడు. శరీరం మొత్తం ఒకటేనన్న సంగతి ఆ భవనంలో తెలిసినది ఇద్దరికే. ఒకటి వైరస్, రెండు మెట్లెక్కి దిగే రోగి.

ఇంట్లో వచ్చే లాభాలు ఇంకా ఎక్కువ. వాసన తెలియదు, రుచి తెలియదు, ఆకలి లేదు. ఇక వంటకి వంకలు పెట్టేదెవరు? పెళ్లయ్యాక మా ఆవిడ ప్రశాంతంగా వంటింట్లో నిలబడిన వారం ఇదే. మా అత్తగారితో కలిపి నలుగురం, బాత్రూమ్ ఒకటి. ఎదుటి మనిషి నడక చూసి దారి ఇవ్వడం అందరం నేర్చుకున్నాం. లిఫ్టులో దగ్గితే జనం ఒక అడుగు జరుగుతారు. దగ్గి, ఆ వెంటనే పొట్ట పట్టుకుంటే లిఫ్టు మొత్తం మనదే!

ఈ అదృష్టాన్ని మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. మూడో తరగతి. ఆ సోమవారం పొద్దున ముక్కు కారుతూ వచ్చి, కడుపులో కూడా నొప్పిగా ఉందని, స్కూలుకు చీటీ రాసిమ్మని అడిగింది. నాలో సెలవుల సీటు మేల్కొంది. ముక్కు కారడం కళ్లకు కనబడుతోంది కాబట్టి జలుబు మంజూరు. మరి కడుపు నొప్పి ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆ రోజు లెక్కల పరీక్ష ఉంది. ఇంకేం, కేసు తేలిపోయింది!

"ముక్కుకీ కడుపుకీ సంబంధం ఏంటే?" అన్నాను.

ఎనిమిదేళ్ల పిల్లకి ఆ జవాబు ఎలా తెలుస్తుంది? తల వంచుకుంది. నేనే బ్యాగు తగిలించి బస్సెక్కించాను.

క్లాసులో బయటికి వెళ్తానని రెండుసార్లు అడిగిందట. టీచరమ్మ మొదటిసారి పంపింది. రెండోసారి పరీక్ష ఎగ్గొట్టడానికేనని కూర్చోబెట్టింది. ఆమెదీ నా సూత్రమే. తర్వాత జరిగింది నేను రాయను. మధ్యాహ్నం మా ఆవిడ వేరే గౌను పట్టుకుని వెళ్లి పిల్లని తీసుకొచ్చింది. అప్పట్నుంచి స్కూలు మాట ఎత్తితే చాలు, మంచం కిందికి దూరుతోంది. నా మీద మాత్రం అలగలేదు. అలిగి ఉంటే బాగుండేదనిపించింది.

మూడో రోజు నాకు ముక్కు కారింది. నాలుగో రోజు నేను ఆలోచనల గదిలో చేరాను.

వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మగారు ఓపిగ్గా చెప్పారు. కడుపులో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు కోట్లలో కాపురం ఉంటాయట. ఊపిరితిత్తుల్లో వైరస్ చేరితే ఒంట్లోని రక్షణ వ్యవస్థంతా కదులుతుందట. ఆ హడావిడికి, తిండి తగ్గినందుకు, కింద కాపురాలు చెదరొచ్చట. కొన్ని వైరస్‌లు నేరుగా కడుపుదాకా కూడా వెళ్తాయట. అందరికీ కాదు గానీ, కొందరికి, అందులోనూ పిల్లలకి, జలుబుతోపాటు కడుపు నొప్పీ విరేచనాలూ రావడం వింతేమీ కాదట. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ రెండు వేసుకున్నానని చెబితే ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూశారు. వైరస్‌ని అవి ఏమీ చేయలేవనీ, మిగిలిన కాపురాలు నేనే కూల్చుకున్నాననీ అన్నారు.

"అంటే రెండూ ఒకేసారి నిజం కావచ్చాండీ?" అన్నాను.

"ఎందుకు కాకూడదు?" అన్నారావిడ.

ఇంటికొచ్చి సెలవు చీటీలో ఉన్నదున్నట్టు 'జలుబు, విరేచనాలు' అని రాసి పంపాను. సాయంత్రానికి అది తిరిగొచ్చింది. మీద ఎర్రగా "ఏదో ఒకటి రాయండి" అని ఉంది. నా సీట్లో కూర్చున్న జూనియర్‌కి పని నేర్పింది నేనే. అక్షరాలు కూడా నావే నేర్చుకున్నాడు! చీటీ తెచ్చిచ్చింది మా పక్క వీధిలోనే ఉండే ఆ టైపిస్టమ్మగారే. వెళ్తూ వెళ్తూ, నీళ్లు బాగా తాగమని చెప్పారు.

మా అమ్మాయి ఆ చీటీ కూడబలుక్కుని చదివింది.

"నువ్వు రాసింది నిజమే కదా నాన్నా. మరి ఎందుకు నమ్మలేదు?"

ఈసారి తల వంచుకోవడం నా వంతయింది. అది నోట్సులోంచి కాగితం చింపి, నేల మీద బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి రాసింది. 'సార్, మా నాన్నకి జలుబు ఉంది. కడుపు నొప్పి కూడా ఉంది. రెండూ నిజం. నాకు కూడా వచ్చాయి. దయచేసి నమ్మండి.'

ఆ సోమవారం పొద్దున నేను రాయవలసిన చీటీ సరిగ్గా అదే. నాకు సిగ్గేసింది.

కాబట్టి ఇది అదృష్టమేనన్న నా మాట మీదే ఉన్నాను. టైపిస్టమ్మగారు మూడుసార్లు రాసినా, కన్నకూతురు పొట్ట పట్టుకుని చెప్పినా నా తలకెక్కని విషయం ముక్కులోంచి ఎక్కింది. సెలవుల సీట్లలో, క్లాసురూముల్లో, రోగుల మాట తూకం వేసే ప్రతి కుర్చీలో కూర్చున్న పెద్దలందరికీ ఈ అదృష్టం పట్టాలని మనసారా కోరుకుంటున్నాను. రెండు రోజులు పడితే చాలు!

రేపు టీచరమ్మగారికి ఇవ్వడానికి చీటీ రాసి పెట్టుకున్నాను. చదివి వినిపిస్తేనే స్కూలుకి వస్తానంది మా అమ్మాయి. వినిపించాను. అందులో రోగాలు రెండూ ఉన్నాయి. తేదీ మాత్రం ఆ సోమవారానిదే వేశాను. పాత తేదీ వేసిన చీటీని ఇరవై రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.