ఇద్దరు ఎక్కే బోటుకు నలభై మంది సలహాదారులు

ఉచిత సలహాను మించిన ప్రజాసేవ ఈ దేశంలో మరొకటి లేదు!

నవ్వకండి. రోడ్డు వెయ్యాలంటే టెండరు కావాలి. రేషన్ ఇవ్వాలంటే వేలిముద్ర కావాలి. సలహాకి ఏం కావాలి? ఎదురుగా ఏదో ఒక పని చేసుకుంటున్న మనిషి దొరికితే చాలు. అడగకుండానే ఇస్తారు, వద్దన్నా ఇస్తారు, ఇచ్చినందుకు సంతకం కూడా పెట్టించుకోరు. ఇంతటి సేవను కొందరు న్యూసెన్స్ అంటున్నారు. వాళ్ళ కళ్ళు తెరిపించడానికే నా అనుభవం రాస్తున్నాను.

మూడు నెలల క్రితం నేనొక సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాను. బీచ్ కాటమరాన్ అంటారు. రెండు సన్నటి ఫైబర్ దోనెలు, వాటి మధ్య నవారు మంచంలా బిగించిన వల, పైన తెరచాప. ఇంజను ఉండదు. పుదుచ్చేరిలో ఎవరో వదిలించుకున్నారు, మైపాడు తీరంలో నేను తగిలించుకున్నాను.

ఈ వయసులో ఎందుకయ్యా అంటారా? నలభై ఏళ్ళ క్రితం, కాలేజీలో ఎన్.సి.సి. నేవీ వింగులో, నేనూ కోవూరు గిరిబాబూ కలిసి తెరచాప పడవ నడిపాం. చుక్కాని నాది, చాప తాడు వాడిది. తర్వాత నేను బ్యాంకులో పడ్డాను, వాడు వరి పొలంలో పడ్డాడు. రిటైరైన రోజు సాయంత్రం వాడికి ఫోన్ చేసి, మళ్ళీ పోదామా అని అడిగాను.

"కొనబ్బయా, పోదాం!" అన్నాడు. కొన్నాను.

బోటు లారీలో వచ్చింది. దాన్ని ఎలా బిగించాలో చెప్పే పుస్తకం రాలేదు. ఒక పొడవాటి అల్యూమినియం స్తంభం, దాన్ని నిలబెట్టడానికి మూడు స్టీలు తీగలు, చాపలో దూర్చే బద్దలు, బస్తా నిండా తాళ్ళు. ముడులన్నీ మర్చిపోయిన చేతులు రెండు. ఇంకే దేశంలోనైనా కథ ఇక్కడే ముగిసేది. కానీ మనకేం తక్కువ?

యూట్యూబులో ఒక ఆస్ట్రేలియా ఆయన ఇరవై నిమిషాల్లో ఆ బోటు మొత్తం బిగించేశాడు. నాకు పదకొండు రోజులు పట్టింది. పాపం, ఆయన దగ్గర సలహా చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు! అందుకే అంత తొందరగా అయిపోయింది.

నా దగ్గర ఉన్నారు. ముత్తుకూరు థర్మల్ ప్లాంటులో పనిచేసే మా బావమరిది, ఆ స్తంభం పిడుగుని పిలుస్తుందని, ఎర్త్ వైరు వెయ్యమని చెప్పాడు. కొబ్బరిబోండాల ఆయన, గుడ్డ ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, పుట్టినరోజు ఫ్లెక్సీలకు అద్దెకివ్వమన్నాడు. రోజూ వాకింగుకి వచ్చే ఒక పెద్దమనిషి రెండు గంటలు నిలబడి, చాప ఎలా పనిచేస్తుందో నాతో ఓపిగ్గా చెప్పించుకుని, చివరికి ఇంజను పెట్టించెయ్యమన్నాడు.

అందరికన్నా మిన్న గిరిబాబు. రోజుకి పాతిక వాయిస్ మెసేజీలు, పది వీడియోలు. ఎడమ తీగ లూజుగా ఉందని కోవూరులో కూర్చుని ఫోటో చూసి కనిపెట్టాడు. నిజంగానే లూజుగా ఉంది! వచ్చి బిగించరా అంటే మొదట నాట్లన్నాడు. తర్వాత మోకాలన్నాడు. తర్వాత చుట్టాలన్నాడు. కోవూరు నుంచి మైపాడుకి ఎంత దూరం? పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో.

ఇక్కడ మా ఇళ్ళలోని పద్ధతి ఒకటి చెప్పాలి. ఇల్లు కట్టినా, స్కూటరు కొన్నా, ప్రతిష్ఠ ప్రార్థన కానిదే వాడం. మిక్సీ కూడా ప్రార్థన అయ్యాకే తిరగాలి. కాబట్టి ఒక శనివారం పొద్దున ఏడు గంటలకు పాస్టర్ క్రాంతి కుమార్ గారిని పిలిచాం. సంఘమంతా కలిసి నలభై మంది వచ్చారు. నలభై మందీ నోళ్ళు తెచ్చుకున్నారు.

ఆ రోజు నాకు అందిన సలహాల్లో ఒక్కటి కూడా తప్పు కాదని ముందే మనవి చేస్తున్నాను.

ఎండ ఎక్కకముందే కానిమ్మని పెద్దలు చెప్పారు. మంచి మాట. పొద్దున పూట గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుందన్న సంగతి వాళ్ళు చెప్పలేదు, అంతే.

"పడవ ముక్కు సముద్రం దిక్కే ఉండాల సార్, ఇట్టా ఊరి దిక్కు పెడితే కీడు," అన్నాడు పక్కన వల బాగుచేసుకుంటున్న పోలేరయ్య. అతను పుట్టినప్పటి నుంచీ వేటకి పోతున్నాడు, కాదనగలనా? తిప్పాను.

చాప టపటపా కొట్టుకుంటుంటే వాక్యం వినబడదని పాస్టరుగారు అన్నారు. తాడు బిగించి కట్టాను. చాప ఎత్తిన పడవని తాడు బిగించి వదలకూడదన్నది ఎన్.సి.సి.లో మొదటి రోజు పాఠం. నాకది గుర్తుంది. నలభై మంది ముందు నోరు రాలేదు.

ఇసకలో తోయడానికి బోటు కింద లావుపాటి చక్రాల బండి ఉంది. అది జారకుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టాను.

"కొత్త బోటుకి ఇటకరాళ్ళేందండీ, ఫోటోలో అసయ్యంగా!" అంది మా ఆవిడ ఎలిశబెతు. తీసేశాను.

రాలేనన్న గిరిబాబుని వీడియో కాల్‌లో పెట్టి, నీళ్ళు దూరని కవరులో ఫోన్ వేసి, స్తంభానికి కట్టాను. వాడు మొదలుపెట్టకముందే ఎలిశబెతు ఆ ఫోన్ సౌండు పూర్తిగా తీసేసింది. ప్రార్థన కదా!

అందరం కళ్ళు మూసుకున్నాం. పాస్టరుగారు మా బోటుతో మొదలుపెట్టి, లోకంలోని ఓడలన్నిటికీ, రేవులన్నిటికీ, మత్స్యకారులందరికీ, చివరికి మా ఇంటి వాటర్ ట్యాంకుకీ క్షేమం కోరారు. ఆమెన్ అని కళ్ళు తెరిచాం.

బోటు లేదు!

ఇసక మీద రెండు చక్రాల గీతలున్నాయి. అవి నేరుగా నీళ్ళలోకి వెళ్ళాయి. అలలు దాటి వందగజాల అవతల మా బోటు, నిండుగా గాలి పోసుకుని, దర్జాగా తూర్పు దేశాల వైపు పోతోంది. నేను ఇన్ని రోజులూ అంత బాగా బిగించానని అప్పుడే తెలిసింది. కాసేపటికి అది పక్కకి ఒరిగి పడుకుంటే, పోలేరయ్య తన ఇంజను పడవలో వెళ్ళి ఈడ్చుకొచ్చాడు.

ఒడ్డున ఫోన్ విప్పి సౌండు పెట్టాను. గిరిబాబు ఇంకా లైనులోనే ఉన్నాడు.

"రేయ్, పోతా ఉండాది, పోతా ఉండాదని గొంతు చించుకుంటా ఉండానే! ఒక్కడన్నా కళ్ళు తెరిస్తే గదా! ఆకాశం, నీళ్ళు, మళ్ళా ఆకాశం... కడుపులో తిప్పేసిందిరా నాకు!"

చూశారా సలహాల మహిమ! ఆ రోజు మా బోటు మీద సముద్రంలోకి పోయింది వాడొక్కడే.

"నువ్వు నా పక్కన ఉంటే ఇట్టా జరిగేదా?" అన్నాను.

వాడన్నాడు: "ఈతూరి ఇటకలు గాదు, మేకులు కొట్టు."

ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పి ముగిస్తాను. ఈ బోటుకి గాలి తగలగానే ఒక దోనె పైకి లేస్తుంది. లేచిన దోనె అంచున రెండో మనిషి కూర్చుని వెనక్కి వాలాలి. నలభై మంది సలహాలు మూటగట్టి పెట్టినా అది దిగదు. డెబ్బై కిలోల గిరిబాబు కావాలి. పోలేరయ్యని అడగొచ్చు, డబ్బిస్తే ఇంకెవరైనా వస్తారు. నేను బోటు కొన్నది వాళ్ళతో పోవడానికి కాదు. నాకు వాడి మీద కోపంగా ఉంది. బెంగగా కూడా ఉంది.

కాబట్టి పాఠక మహాశయులారా! మీరు నాకు ఇవ్వబోయే సలహాలన్నీ దయచేసి కోవూరుకి మళ్ళించండి. మోకాలికి ఉప్పునీళ్ళు మంచివని చెప్పండి. చుట్టాలు ఒక్క ఆదివారం వాళ్ళంతట వాళ్ళు అన్నం తినగలరని చెప్పండి. చాప తాడు పట్టుకోవడం చేతులు మర్చిపోయినా ఫరవాలేదు, ఊరికే వచ్చి కూర్చోమని చెప్పండి. వాడు పేపరు చదవడు, వీడియోలే చూస్తాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

నేను చెప్పమన్నానని మాత్రం చెప్పకండి.