మా ఆయన కొలిచిన హ్యాండిలు

మా ఆయన ఆదిబాబుకి వారానికోసారి సెలవిచ్చే బదులు ఆ రోజు కూడా డ్యూటీ వేస్తే ఫ్యాక్టరీవాళ్ళు పుణ్యం కట్టుకున్నవాళ్ళవుతారు. సెలవు రోజున ఆయన చేతులు ఊరుకోవు. మిక్సీ, కుళాయి, తలుపు గడియ, ఏదో ఒకటి విప్పుతారు. విప్పడం ఆయన వంతు. బిగించడం ఎవరి వంతో పద్దెనిమిదేళ్ళుగా తేలలేదు.

మేం బతకొచ్చిన ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, ఆయన గమ్హరియా ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ఇనుము చెక్కే పని చేస్తారు. జేబులో పెన్ను లేకపోయినా వెర్నియర్ ఉంటుంది. దాంతో అప్పడం మందం కొలిచి, "ఈయేళ కొంచెం ఓవర్ సైజు" అనే మనిషి.

మొన్న శనివారం ఆయనకి సెలవు. నేనేమో సాయంత్రం నాలుగింటికి కాసిడీహ్‌లో ఉండాలి. అక్కడి మహిళా మండలి వాళ్ళు ఎనిమిదిమంది ఆడపిల్లలకు కుట్టు నేర్పే పని నాకిచ్చారు. ఇన్నేళ్ళూ ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టిన నేను టీచరమ్మనయ్యే మొదటి రోజు. "తొలిరోజే ఆలస్యమైతే ఇంకొకరిని చూసుకుంటాం" అని ముందే చెప్పేశారు. ఆ రోజు ఆటోలు బంద్. అందుకని పొద్దున్నే నా లేడీస్ సైకిలు తుడిచి, గాలి కొట్టించి, గుమ్మం పక్కన పెట్టుకున్నాను.

ఒంటిగంటకి భోజనం చేసి లేచినప్పటి నుంచీ ఆయన దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"కస్తూరీ, నీ హ్యాండిలు పాతదైపోనాదే."

"నేనూ పాతదాన్నే. ఏటండీ మీ ఉద్దేశం?"

"నా సైకిలుది కొత్తది. అది నీకిచ్చేద్దునా? ఆడమనిషివి, టీచరువి, కొంచెం స్టైలుండాల."

ఆ దానగుణం ఎక్కడిదో నాకు తెలుసు. మర్నాడు పొద్దున్న వాళ్ళ మేనేజరు సైకిల్ ర్యాలీ పెట్టారు. దాని కోసం ఈయన పక్కింటి తోమాస్ దగ్గర ఓ స్పోర్ట్స్ సైకిలు కొన్నారు. దాని హ్యాండిలు బాగా కిందికి ఉంటుంది. వంగితే పొట్టకీ మోకాళ్ళకీ తగాదా. నా హ్యాండిలేమో ఎత్తుగా, సోఫాలో కూర్చున్నంత హాయిగా ఉంటుంది.

"నా సైకిలు ముట్టుకోకండి" అని చెప్పి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాను.

కుచ్చిళ్ళు సర్దుకుని వచ్చేసరికి రెండు సైకిళ్ళకీ తలలు లేవు.

"ఓలమ్మో! ఏటిది?"

"కంగారు పడకు. రెండూ ఒకటే సైజు. వెర్నియర్ పెట్టి కొలిసినాను. ఇరవైరెండు పాయింటు రెండు, ఇరవైరెండు పాయింటు రెండు. చుక్క తేడా లేదు!"

"ఎక్కడ కొలిచారు?"

"చేత్తో పట్టుకున్న కాడే. ఇంకెక్కడ కొలుత్తారు?"

నేను రెండు హ్యాండిళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. చివర్లు ఒకటే. కానీ మధ్యలో, హ్యాండిలుని సైకిలుకి పట్టి ఉంచే మెడలో బిగించే చోట, నాది బొటనవేలంత ఉంటే ఆయనది చంటిపిల్లాడి మణికట్టంత ఉంది.

"జాకెట్టు చేతి అంచు కొలిచి చంక కుట్టేశారండీ" అన్నాను.

ఆయన అక్కడ కొలిచారు. ఒకటి ఇరవైఅయిదు పాయింటు నాలుగు, ఇంకోటి ముప్పైఒకటి పాయింటు ఎనిమిది. కాసేపు వెర్నియర్ వైపు కోపంగా చూశారు, అదే మోసం చేసినట్టు.

"అయితే హ్యాండిలు కాదు, మెడతో సహా మార్చెయ్యాల!"

"అయ్యా, రెండున్నరైంది!"

"పదే పది నిమిషాలు."

నా సైకిలు మెడ గొట్టం లోపలికి దిగే కడ్డీ. దాన్ని లాగేశారు. ఆయన సైకిలు మెడేమో గొట్టం మీద టోపీలా పైనుంచి బిగించేది. మొత్తం ముందుభాగాన్ని పట్టుకుని ఉంచేది ఆ టోపీయేనని ఆయనకి తెలియదు. బోల్టులు వదులు చేసి, టోపీ ఊడదీసి, సైకిలు పైకెత్తారు. అంతే, ఫోర్కూ చక్రమూ కిందికి జారి ఆయన కాలి మీద పడ్డాయి. బేరింగు గోళీలు అరుగంతా పరుగెత్తాయి.

మా అమ్మాయి బిందుప్రియ తొంగిచూసి, ఇదేం చేశావు నాన్నా అన్నట్టు తన బడి హిందీలో, "పాపా, యే క్యా కర్ దియా?" అంది.

"పని సేత్తన్నాను కదేటి! గోళీలేరు!"

"ముఝే పఢ్నా హై" అని, చదువుకోవాలన్న వంకతో అది తలుపేసుకుంది. దానికి చదువు మీద శ్రద్ధ కలిగించిన ఘనత మాత్రం ఆయనదే.

ఆయన ఒంటికాలి మీద గెంతుతూనే నా సైకిలు మెడ కడ్డీని తన సైకిలు గొట్టంలో దింపారు. తండ్రి ప్యాంటులో పిల్లాడు దిగినట్టు అది సర్రున లోపలికి పోయింది.

"కొంచెం రేకు చుడితే..."

"కొంచెం నోరు మూసుకుంటే!" అని ఆ కడ్డీ లాక్కున్నాను. కొంగు దోపుకుని, నా హ్యాండిలు దానికి బిగించి, నా సైకిల్లో దింపి, చక్రానికి సూటిగా నిలబెట్టి బోల్టు బిగించాను. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"మీరు తొక్కండి. నేను వెనక కూర్చుంటాను."

"లేడీస్ సైకిలా? నేనా? బజార్లో అందరూ సూత్తారే!"

"దారిలో హ్యాండిలు తిరిగిపోతే ముందు పడేది తొక్కేవాళ్ళే. విప్పింది మీరు గనక ఆ గౌరవం మీదే."

మా ఇల్లున్న పర్సుడీహ్ నుంచి కాసిడీహ్ దాకా తొక్కారు. దారిలో ఇద్దరు తెలిసినవాళ్ళు కనబడితే తల పక్కకి తిప్పుకున్నారు. నేను మాత్రం ఇద్దరికీ నమస్కారం పెట్టాను. మూడూ యాభైఏడుకి దిగాం. ఎనిమిదిమంది పిల్లలూ గుమ్మంలోనే ఉన్నారు. "నమస్తే మేడమ్!" అని ఒక్కసారిగా అనేసరికి, దోపుకున్న కొంగు అప్పటికి వదిలి, టీచరమ్మలా నిటారుగా నిలబడ్డాను.

వెనక్కి చూస్తే ఆయన ఇంకా సీటు మీదే ఉన్నారు. ముఖంలో హాయి.

"నువ్వు నిదానంగా క్లాసు సెప్పుకో కస్తూరీ. సైకిలు నేనట్టుకెల్లి బాగా బిగించి, రేపు ర్యాలీ అవగానే..."

నేను సైకిలుకి తాళం వేసి, తాళంచెవి పర్సులో పడేశాను.

ఆరింటికి బయటికొచ్చేసరికి ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎవరో పిల్ల ఇచ్చిన పాత రిబ్బనుతో నా సైకిలు బెల్లు తుడుస్తున్నారు.

"రేపు పొద్దున్న ర్యాలీకి నీ సైకిలు..." అన్నారు చాలా మెల్లగా.

"తప్పకుండా వస్తుంది" అన్నాను సీటెక్కుతూ. "నేను తొక్కుతాను. మేనేజరుగారు అడిగితే, వెనక కూర్చున్నది మీరేనని చెప్తాను."