చిట్కుల్‌లో లబ్ధిదారుల సర్వే

ఆ గురువారం నిషిత వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పదింటికల్లా అమీన్‌పూర్ నుంచి స్కూటీ మీద చిట్కుల్ చేరడం, సాయంత్రంలోగా వంద ఫారాలు నింపడం, మర్నాడు వాటిని యూనివర్సిటీలో తన గైడు చలపతిరావు గారి బల్ల మీద పెట్టడం. పీహెచ్‌డీలో చేరి ఆరేళ్లయింది. శుక్రవారానికి వంద మంది జవాబులు చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని ఉత్తరం వచ్చింది.

పరిశోధన విషయం కంపెనీల సామాజిక బాధ్యత. చిట్కుల్ దగ్గరున్న ఒక రంగుల కంపెనీ ఊరికి చేసిన మేలెంత, అది ఊరివాళ్లకు ఎంత నచ్చింది అన్నది ఆమె తేల్చాలి. ఇవే ప్రశ్నలను ఆన్‌లైన్‌లో పెట్టి ఏడు నెలలు ఎదురుచూసింది కూడా. రెండు జవాబులొచ్చాయి. ఆ రెండూ లింకు పనిచేస్తోందో లేదో చూద్దామని తనే నింపినవి.

బడి అరుగు మీద కూర్చోగానే మొదట వచ్చింది మొగులమ్మ. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాల్లో కూలికి వెళ్లిన మనిషి. పొలాలు పోయి ఫ్యాక్టరీలు వచ్చాక ఒక క్యాంటీన్లో గిన్నెలు కడుగుతోంది. ఏం రాస్తున్నావని ఆమె అడిగితే నిషిత ఉన్న సంగతి చెప్పింది. "కంపెనీ నుంచి మీకేమేం అందాయో రాసుకుంటున్నానండీ."

ఏదైనా అందిందన్నవాడి పేరు జాబితాలోంచి పోతుందనీ, అందలేదన్నవాడి పేరే నిలుస్తుందనీ ఆ ఊరికి అనుభవం మీద తెలుసు. అందుకని మొగులమ్మ తడుముకోకుండా ఏమీ అందలేదంది. పిల్లలకు బడి సంచులు? లేవు. వైద్య శిబిరం? లేదు. కళ్లద్దాలు? కంపెనీ శిబిరంలో ఇచ్చిన అద్దాలను ముక్కు మీదికి సర్దుకుని, అవీ లేవంది. మంచినీళ్ల ప్లాంటు దగ్గర మాత్రం ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. కంపెనీ ప్లాంటు కట్టింది, రిబ్బను కత్తిరించింది, ఫొటోలు దిగింది, తాళం వేసింది. అది జరిగి రెండేళ్లయింది.

"తాళంచెవి ఎవరి తాన ఉందో దేవునికే ఎరుక. రోజు రెండు బిందెలు గంత దూరం నుంచి మోసుకొస్తున్న బిడ్డా, నడుము పోతున్నది."

అంతవరకు బాగానే ఉంది. పద్నాలుగో ప్రశ్న, మీ ఇల్లు సొంతమా, కిరాయా అన్నది. అది వినగానే మొగులమ్మ నిటారుగా కూర్చుంది. కొల్లూరులో సర్కారు కట్టిన డబుల్ బెడ్రూం ఇళ్ల కోసం ఆమె మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ ఈ ప్రశ్నే అడిగారు. గబగబా ఇంటికి వెళ్లి ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫొటోలు తెచ్చి ఫారానికి గుండుసూదితో గుచ్చింది. ఇవేవీ అక్కర్లేదని నిషిత అంటే, పైకి అట్లాగే అంటారులే అన్నట్టు నవ్వింది.

పన్నెండయ్యేసరికి వరుస బడి గేటు దాటింది. ఇస్నాపూర్ చౌరస్తాలో జిరాక్సు మిషను వేడెక్కి ఆగిపోయిందని కబురొచ్చింది. సొంత ఇంటి నీడలో నిలబడ్డ ఒకాయన తనకు ఇల్లే లేదని రాయించాడు. ఇవి ఇళ్ల దరఖాస్తులు కావని నిషిత గొంతు పోయేలా చెప్పింది. అందరూ తలలూపారు గానీ ఎవరూ కదల్లేదు. చెప్పొద్దూ, కాసేపటికి ఆమె కూడా ఆ మాట చెప్పడం తగ్గించింది. ఫారాలు నలభై దాటాయి మరి.

సంగతి కంపెనీలో హరినాథ్‌కు చేరింది. సామాజిక బాధ్యత విభాగంలో అధికారి, గుమస్తా, ఫొటోగ్రాఫరు అన్నీ ఆయనే. ఎవరో మేడమ్ వచ్చి, కంపెనీ ఏమీ ఇవ్వలేదని ఆధార్ కార్డులతో సహా రాయించుకుంటోందని వినేసరికి ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. ఆ ప్లాంటు రోజుకు అయిదు వేల లీటర్ల నీళ్లిస్తోందని మొన్ననే బొంబాయి ఆఫీసుకు నివేదిక పంపాడు. అది నిజమో కాదో చూడమని వాళ్లే మనిషిని పంపారనుకున్నాడు.

అరగంటలో రెండు వ్యాన్లు దిగాయి. కంగారు పడితే రంగుల కంపెనీకి తోచే పని ఒక్కటే. ప్లాంటుకు, బడి గోడకు, చేతిపంపుకు ఆకుపచ్చ రంగు కొట్టారు. తాళంచెవి దొరక్క తాళం పగలగొట్టారు. పాడైన ఫిల్టర్ల స్థానంలో తమ ఆఫీసులోవి ఊడబీకి తెచ్చి బిగించారు. మూడింటికి కుళాయి తిప్పితే ముందు ఎర్రనీళ్లు, ఆ తర్వాత మంచినీళ్లు వచ్చాయి.

హరినాథ్ శాలువా పట్టుకుని నిషిత దగ్గరికి వచ్చాడు. "మేడమ్, బొంబాయికి రాసేటప్పుడు కాస్త మమ్మల్ని చూసీచూడనట్టు వదిలేయండి," అన్నాడు.

"నేను స్టూడెంటునండీ. ఇది నా పీహెచ్‌డీ పని," అంది నిషిత.

హరినాథ్ శాలువాను మళ్లీ మడతపెట్టాడు. ప్లాంటు తలుపు మూసేయమని మనుషులకు సైగ చేశాడు. అప్పటికే మొగులమ్మ గడపలో బిందె పెట్టుకుని కూర్చుంది.

"గీ తలుపు ఇగ మూసేది లేదు సారూ. మూస్తే ఊరంత మీ గేటు కాడికొచ్చి కూసుంటం. జిరాక్సులు తయారుగనే ఉన్నయ్," అంది.

హరినాథ్ ఆ వరుస పొడవు చూసి, మూసే ఉద్దేశం తనకెప్పుడూ లేదన్నాడు.

మర్నాడు చలపతిరావు గారు ఫారాలన్నీ తిరగేశారు. మూడింటికి ముందు నింపిన డెబ్బై ఒకటి నీళ్లు లేవంటున్నాయి. తర్వాతి ఇరవై తొమ్మిది నీళ్లు భేషుగ్గా ఉన్నాయంటున్నాయి. ఇల్లు మాత్రం వంద మందిలో ఒక్కరికీ లేదు. ఇదేమిటని ఆయన అడిగితే నిషిత జరిగిందంతా దాచకుండా చెప్పేసింది. ఆరేళ్ల చదువు ఆ జిరాక్సుల కింద పోయిందనుకుంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన ఫారాలు పక్కన పెట్టారు. "ఈ విషయం మీద ముప్పై ఏళ్లుగా పరిశోధనలు చేయిస్తున్నానమ్మా. ఒకదాని వల్ల చెంబెడు నీళ్లు రావడం ఇదే మొదటిసారి చూడ్డం. మిగతా ప్రశ్నలు కొట్టేసి ఈ నీళ్ల సంగతే రాయి," అని, గడువు ఏడాది పొడిగించమని రాసి సంతకం పెట్టారు.

ఆ ఏడు కంపెనీ వార్షిక నివేదికలో, పచ్చటి ప్లాంటు ముందు నిషిత ఫారాలతో నిలబడ్డ ఫొటో వచ్చింది. కింద 'ఉన్నత విద్యకు చేయూత' అనీ, దాని పక్కన 'లబ్ధిదారులు: ఒకరు' అనీ ఉంది.